బేస్తారం నాటి జెల్

మా వాడకట్టులో ఎవరైనా "నువ్వేం పని జేస్తవ్ సుగుణా?" అని అడిగితే "జెల్లీ ముక్కలు చేస్త" అని చెప్పేదాన్ని. అది నిజమే. పక్కింటి వజ్రవ్వ మాత్రం చాలా ఏళ్లు నేను మిఠాయి కార్ఖానాలో చేస్తున్నాననే అనుకుంది. ఒక పండుగనాడు నిలదీసింది కూడా: "గన్నేండ్ల సంది జేస్తున్నవ్, ఒక్కనాడన్న పిల్లలకు పావుకిలో తెచ్చిచ్చినవా?" ఆ జెల్లీ తినేది కాదనీ, దాని మీద క్యాన్సర్ కణాలను పెంచుతామనీ చెప్పాను. ఆ తర్వాత వారం రోజులు ఆమె మా ఇంట్లో చాయ్ తాగలేదు.

పోయిన ఏడాది పదవీ విరమణ చేశాను. మా పరిశోధన గదిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలిద్దరు, ఈ పని గురించి పుస్తకాల్లో లేనిది రాసిపెట్టమని అడిగారు. వాళ్ల కోసమే కూర్చున్నాను. ప్రమోషన్లు, ఫైళ్ల గొడవలు ఇందులో ఉండవు. వాటి నుంచి నేను నేర్చుకున్నదేమీ లేదు. నా తప్పు వల్ల ఒక అమ్మాయి చదువు పోయేదాకా వచ్చింది. ఆ సంగతి దాచకుండా రాస్తాను. దాంతోపాటు గర్వపడే సంగతి కూడా ఉంది. అదీ దాచను.

వేళ్ల చదువు

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమ కాలిని బలహీనం చేసింది. బడి చూస్తే ఊరికి ఆ చివర ఉంది. మాది సిరిసిల్లలో నేతపని ఇల్లు. బాపు మగ్గం మీద కూర్చుని ఎక్కాలు చెప్పించేవాడు. మగ్గం చప్పుడులో వినపడాలంటే అరవాలి, అందుకే నాకు ఎక్కాలు ఇప్పటికీ అరుపుల్లాగే గుర్తున్నాయి. అక్షరాలు అవ్వ నేర్పింది. మా దిక్కు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. ఇంట్లో ఉన్న పుస్తకం మా దిక్కు శివుడు రాజన్న భజనలది ఒక్కటే, కాబట్టి నేను మొదట చదివిన మాటలన్నీ దేవుడి పేర్లే. పదో తరగతి, ఇంటర్ ఇంట్లో చదివే రాశాను. తర్వాత కరీంనగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాను. అంతవరకు తెచ్చిన ఆ ఇద్దరికీ రోజూ దీపం పెట్టేటప్పుడు దండం పెట్టుకుంటాను.

కానీ నా అసలు చదువు గంజి దగ్గర జరిగింది. పడుగు నూలుకు, అంటే బట్టలో నిలువు పోగులకు, గంజి పట్టించడం అవ్వ పని. తెల్లవారగానే వీధి పొడవునా పడుగు సాగదీసి, కుంచెతో గంజి రాసి, ఆరేలోపు దువ్వాలి. గంజి తక్కువైతే నూలు నూగు లేచి మగ్గం మీద తెగుతుంది. ఎక్కువైతే పుల్లలా విరుగుతుంది. అవ్వ ఒక పోగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని సరిపోయిందో లేదో చెప్పేది. నన్నూ పట్టుకోమనేది. "కండ్లతోని గాదు, ఏళ్లతోని జూడు" అనేది.

ఆమెకు రెండు అలవాట్లుండేవి. నిన్నటి గంజిని పారబోసేది కాదు. కుండ అడుగున కొంత ఉంచి ఇవాళ్టి గంజిలో కలిపేది. పులిసిన గంజి నూలును బాగా పట్టుకుంటుందని ఆమె నమ్మకం, అది నిజం కూడా. ఇక ప్రతి పడుగు నుంచీ జానెడు పోగు కత్తిరించి దూలానికి కట్టి ఉంచేది. ఎవరైనా నూలు తెగుతోందని గొడవకు వస్తే ఆ పోగు తీసి చేతిలో పెట్టేది. "నా గంజి గిట్లున్నది. నీ మగ్గం జూస్కోపో" అనేది. ఈ రెండు అలవాట్లూ నాతోపాటు ల్యాబ్‌లోకి వచ్చాయి.

మల్లవ్వ అడిగిన మాట

నా మొదటి ఉద్యోగం ఒక ఆసుపత్రిలో. ఆపరేషన్ చేసి తీసిన గడ్డలను కోసి, మైనంలో పోసి, పలుచగా తరిగి, అద్దం పలకల మీద పరిచే గది అది. అక్కడ పెద్ద డాక్టరు శారద మేడం. నేను మొదటి రోజే హుషారుగా కత్తి పట్టుకుంటే మణికట్టు మీద ఒక్కటి వేసింది.

"ముందు తడుము. కోసినంక తడమడానికి ఏం మిగులది."

ఆ రోజు మనసులో తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమె కూడా మా అవ్వ చెప్పిందే చెబుతోందని. మంచి రొమ్ము ముక్క వేలికింద మెత్తగా జారుతుంది. క్యాన్సర్ గడ్డ పచ్చి జామకాయలా ఉంటుంది. కత్తి దిగుతుంటే గరగరమంటుంది. ఆ చప్పుడు వినగానే నాకు తెలియకుండానే "రాజన్నా" అనేదాన్ని.

ఒకరోజు జగిత్యాల వైపు నుంచి మల్లవ్వ అనే ఆమె సూది పరీక్షకు వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. గడ్డ ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగాను.

"యాడాది దాటింది బిడ్డా. నొప్పి లేకపాయె. నొప్పి లేనిదానికి దవాఖానెందుకని ఊకున్న. గట్టిగ మాత్రం రాయి లెక్క అయింది."

ఈ రాత చదివే ఆడవాళ్లకు ఒక మాట. నొప్పి లేదని ఊరుకోకండి. గట్టిగా తగిలితే చాలు, డాక్టరుకు చూపించండి.

మల్లవ్వ బల్ల మీద కూర్చుని పైట సర్దుకుంటూ నన్నే చూసింది. "ఒక్క ముచ్చట జెప్పు బిడ్డా. గట్టిగైనందుకు బీమారొచ్చిందా, బీమారొచ్చినందుకు గట్టిగైందా?"

ఆమె పోయాక ఆ ప్రశ్నను శారద మేడం దగ్గరికి తీసుకుపోయాను. ఆమె సూక్ష్మదర్శిని మీంచి తలెత్తింది.

"నాకు తెల్వదు సుగుణా" అంది.

ఆ గదిలో ఎవరినైనా గడగడలాడించే మనిషి నోట ఆ మాట విన్నాను. తెలియదనీ, తప్పైందనీ చెప్పగలిగే పెద్దవాళ్ల దగ్గర పనిచేయడం అదృష్టం. అది నాకు రెండుసార్లు దొరికింది.

మల్లవ్వకు తర్వాత ఏమైందో నాకు తెలియదు. మా చేతిలో మిగిలేది ముక్కలే, మనుషులు కాదు. ఈ వృత్తిలో అదొక బాధ. కానీ ఆమె అడిగిన మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

బురద, గట్టు

కొన్నేళ్ల తర్వాత సరిగ్గా ఆ ప్రశ్న మీదే పనిచేసే పరిశోధన గది ఒకటి కరీంనగర్‌లో మొదలైంది. దాన్ని నడిపే ప్రభాకర్ సార్‌ది మంథని పక్క పల్లె. వరి పొలం ఉన్న ఇల్లు. జెల్ చేయడానికి మనిషి కావాలని తెలిసి పోయాను. ఆయన నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, ఐదు గిన్నెల్లో ఐదు జెల్ ముక్కలు నా ముందు పెట్టాడు. మెత్తదాని నుంచి గట్టిదాని వరకు వరుస పెట్టమన్నాడు. తొడుగు వేసుకున్న వేలితో ఒక్కొక్కటి నొక్కి వరుస పెట్టాను.

"ఈ రెండు ఒకటే సార్" అన్నాను.

"ఒకటి గాదమ్మా. ఒకటి నడిమిది, ఒకటి గట్టిది."

"ఒకటే సార్."

ఆయన రెండింటినీ యంత్రం మీద పెట్టి కొలిచాడు. ఒకటే. ఎవరో చీటీ తప్పు అంటించారు. నవ్వి, "రేపటిసంది రా" అన్నాడు. ఆ రోజు నా నడక చూడాల్సింది. కుంటికాలు కూడా కుంటలేదు. ఆ గర్వమే తర్వాత నన్ను పడేసింది.

పని ఏమిటో కొత్తవాళ్లకు చెప్తాను. రెండు ద్రవాలను ఫలానా పాళ్లలో కలిపి, చివర్న బిగించే మందు నాలుగు చుక్కలు వేస్తే కాసేపటికి జెల్ గడ్డకడుతుంది. పాళ్లు మారిస్తే మంచి రొమ్ము అంత మెత్తగానూ చేయవచ్చు, గడ్డ అంత గట్టిగానూ చేయవచ్చు. దాని మీద ఒకే రకం క్యాన్సర్ కణాలను చల్లుతాం. కణాలు అవే, తిండి అదే, వేడి అదే. కింద పరుపు మాత్రం వేరు. మెత్తటి జెల్ మీద కణాలు గుండ్రంగా, ద్రాక్షగుత్తుల్లా ముద్దకట్టి కూర్చుంటాయి. గట్టి జెల్ మీద కాళ్లు చాపి, సాగి, గుంపు విడిచి బయలుదేరతాయి.

సార్ మొదటి రోజు చెప్పిన పోలిక ఇంతకంటే బాగుంటుంది. "నాటు వెయ్యనీకి దున్నిన మడిల ఉరుకుతవా? కాలు దిగబడ్తది. గట్టు మీదైతే ఉరుకొచ్చు. కణం గూడ గంతే సుగుణమ్మా. దానికి తన్నుకోనీకి గట్టు గావాలె."

మల్లవ్వ ప్రశ్నకు సగం జవాబు అక్కడ విన్నాను. గట్టిదనం ఒక్కటే కారణమని ఎవరూ అనరు, మీరూ అనకండి. కానీ అది ఊరికే పక్కన కూర్చోదు.

సోమవారం మహిమ

రేణుక ఉట్నూర్ నుంచి వచ్చింది. తండ్రి అడవి ఊళ్లకు జీపు నడుపుతాడు. వాళ్ల ఊరి నుంచి పరిశోధన దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. తొందరగా రమ్మనడానికి "లౌకర్" అనేది, అది వాళ్ల ఆదిలాబాద్ వైపు మరాఠీ మాట. రోజుకు ఇరవైసార్లు "లౌకర్ అక్కా, లౌకర్" అని నా కుంటికాలిని పరుగెత్తించేది. నాకు ఆ పిల్ల అంటే ప్రాణం.

ఆమె పరిశోధనంతా నా జెల్‌ల మీద నడుస్తోంది. మొదటి ఏడాది బాగానే సాగింది. రెండో ఏడాది చలికాలంలో లెక్క తప్పింది. గట్టి జెల్ మీద కాళ్లు చాపాల్సిన కణాలు కొన్నిసార్లు ముద్దకట్టి కూర్చుంటున్నాయి. మళ్లీ చేస్తే బాగా వస్తాయి, మళ్లీ చెడతాయి. మూడు నెలలు ఇట్లాగే గడిచింది.

ఒకరోజు నోట్‌బుక్ పరుచుకుని కేకేసింది. "అక్కా, జర ఇటు రా. సోమారం నాడు మంచిగొస్తున్నయ్. మంగళారం సుమారు. బేస్తారం నాటికి అస్సలు కదుల్తలేవ్."

మా దిక్కు గురువారాన్ని బేస్తారం అంటాం. నేను సోమవారాలు ఒక్కపొద్దు ఉంటాను. నవ్వుతూ అన్నాను, "సోమారం రాజన్న దినం బిడ్డా. ఇగ నుంచి అన్నీ సోమారమే పెట్టుకో."

"కమిటీల గూడ గట్లనే జెప్పాల్నా?" అని ఆమె ఎగతాళి చేసింది.

నేను పైకి నవ్వానే కానీ లోపల నిజంగానే సంతోషపడ్డాను. ఒక్కపొద్దు ఉండి చేసిన జెల్ కదా, అందుకే అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ కమిటీ నవ్వులాట కాదు. పరిశోధన విద్యార్థుల పనిని ఏటా బయటి నుంచి వచ్చి పరీక్షించే సంఘం అది. అందులో ఒక పెద్ద ప్రొఫెసర్, రేణుక పంపిన కాగితాలు చూసి, ఈ అమ్మాయి పలకలు కలగలిపైనా ఉండాలి, తోచింది రాసైనా ఉండాలి అని రాశాడట. కారణం దొరక్కపోతే అంశం మార్చాల్సిందే. మార్చితే గడువు చాలదు. గడువు చాలకపోతే ఇంటికి పోవాల్సిందే. సంఘం కూర్చోవడానికి పది రోజులుంది.

"మా బాపు ఊరంత జెప్పుకుండక్కా" అంది రేణుక. "జీపెక్కినోనికల్లా జెప్పిండు, నా బిడ్డ క్యాన్సర్ మీద సదువుతాందని. ఏం మొఖం బెట్టుకుని పోవాలె?"

తర్వాతి సోమవారం పొద్దున్నే దీపం పెట్టి, ఏమీ తినకుండా ల్యాబ్‌కు పోయాను. ఫ్రిజ్‌లోంచి బిగించే మందు సీసా తీశాను. శనివారం మిగిలింది అడుగున కొంచెం ఉంది. దాన్ని కడిగేసి, కొత్త పొడి నీళ్లలో కలపబోయాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ మందును ఏ రోజుకారోజు కలపాలని సార్ మొదట్లోనే రాసి గోడకు అంటించాడు. చాలా ఏళ్లు అట్లాగే కలిపాను. ఆ చలికాలం మొదట్లో పొడి రావడం ఆలస్యమైంది. ఉన్నది పారబోయడానికి మనసొప్పలేదు. మిగిలింది ఫ్రిజ్‌లో దాచి మర్నాడు వాడాను, ఆ మర్నాడు కూడా వాడాను. పొడి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. అవ్వ కుండ అడుగున గంజి ఉంచినట్టే సీసా అడుగున మందు ఉంచాను. కానీ గంజి పులిస్తే పట్టు పెరుగుతుంది, ఈ మందు నీళ్లలో కలిసిన రోజు నుంచీ బలం తగ్గుతూ పోతుంది. జెల్ ఆలస్యంగా గడ్డకడుతుంటే చలికి అట్లా అవుతోందని సరిపెట్టుకున్నాను. ఆదివారం సెలవు కాబట్టి సోమవారం మాత్రం కొత్తది కలిపేదాన్ని.

సోమవారం మహిమ అదీ. నా సీసా సంగతిని దేవుడికి అంటగట్టాను.

అబద్ధం చెప్పను, మాట్లాడకుండా ఊరుకుంటే ఏమవుతుందని ఆలోచించాను. ఆ రోజు నుంచి కొత్త మందు కలిపితే చాలు, అన్నీ బాగా వస్తాయి. పాతవన్నీ ఆ పిల్ల పొరపాటు కింద పోతాయి. నా విరమణకు రెండేళ్లే ఉంది. ఆ సీసా పట్టుకుని ఒక చాయ్ తాగేంతసేపు నిలబడ్డాను. తర్వాత రేణుక దగ్గరికి పోయి చెప్పాను.

ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. "మూడు నెల్లు" అంది. "మూడు నెల్లు నా చేతులే మంచియి గావనుకున్ననక్కా. అద్దంల మొఖం జూస్కోవుడు గూడ బందు బెట్టిన." చేతి తొడుగులు పీకి బల్ల మీద కొట్టి బయటికి పోయింది. వెనక పోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

సార్ దగ్గరికి పోయి అదే చెప్పాను. ఆయన అన్నాడు, "కొలిచే మిషన్ రిపేర్‌కు పోయి మూడు నెల్లాయె. నీ ఏళ్లున్నయ్ గదా అని నేను తొందర బెట్టలే. ఇందుల సగం తప్పు నాది." మళ్లీ అన్నాడు, "గని మనం జెప్తే ఎవరు నమ్ముతరు సుగుణమ్మా? గప్పటి జెల్‌లు ఇప్పుడు యాడున్నయ్?"

"ఉన్నయ్ సార్."

ప్రతిరోజూ చేసిన జెల్ నుంచి గోరంత ముక్క కోసి, వారం, తారీఖు రాసి, ఉప్పునీళ్ల సీసాలో వేసి ఫ్రిజ్ కింది అరలో పెట్టేదాన్ని. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. ఆ అర లాగి చూపిస్తే సార్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క సీసా వెలుగుకు పట్టి చూశాడు.

"ఎవరు దాయమన్నరమ్మా?"

"మా అవ్వ, సార్."

డబ్బాలో చేపలు

కొలిచే యంత్రం హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో దొరికింది. సార్ సీసాల మీది చీటీలు తీసేసి ఒట్టి నంబర్లు అంటించాడు. ఏ నంబరు ఏ రోజుదో ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి తన దగ్గర ఉంచుకున్నాడు. కొలిచేవాళ్లకు తెలియకూడదు, తీసుకుపోయే మాకూ తెలియకూడదు. ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని నేను, కిటికీ పక్కన రేణుక, బస్సులో బయలుదేరాం.

సిద్దిపేట దాకా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుని, డబ్బా మీది తడి చూసి ముక్కు ఎగబీల్చింది.

"చాపలా?"

"చాపలు గావవ్వా."

"మరేంది? ఐసుల బెట్టుకపోతున్నవ్."

"జెల్లీ ముక్కలు."

"గవ్విటికి గింత జాగర్తెందుకే? బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నవ్. అల్లునికా?"

రేణుక కిటికీ వైపు తిప్పుకున్న ముఖం అట్లాగే ఉంది కానీ భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోలేకపోయింది. "అల్లునికే అవ్వా" అంది ఆవిడతో. "తినకుంటే వీపు మీద గుద్ది తినవెడ్తదట." ఇంకాస్త దూరం పోయాక తన చెద్దరు సగం తీసి నా కాళ్ల మీద కప్పింది. ఆ పిల్ల ఆ రోజు కప్పింది నాకు ఇప్పటికీ వెచ్చగా ఉంది.

అంకెలు తీసుకుని కరీంనగర్ వచ్చాక, మా ఇద్దరి ముందు సార్ కవరు చింపాడు. నంబర్ల పక్కన వారాలు రాసుకుంటూ పోయాం. సోమవారం ముక్కలు అన్నిటికంటే గట్టివి. మంగళవారానివి కొంచెం తక్కువ. బుధవారం ఇంకొంచెం. బేస్తారం నుంచి శనివారం దాకా నడిమి జెల్ అంత కూడా లేవు. ప్రతి వారమూ అదే మెట్ల వరుస.

రేణుక తన నోట్‌బుక్ పక్కన పెట్టింది. ఏ రోజు ఎన్ని కణాలు కాళ్లు చాపాయో అందులో ఉంది. అదీ మెట్ల వరుసే. రెండు కాగితాలూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కణాలు అబద్ధం జెప్పలే. మన చీటీలు జెప్పినయ్."

"మనకంటె ముందు వాటికి తెలిసింది సార్" అంది రేణుక మెల్లగా. "అవి మూడు నెల్ల సంది జెప్తనే ఉన్నయ్."

నాకు ఆ క్షణం మల్లవ్వ గుర్తొచ్చింది. కణం అదే. బీమారీ అదే. మాకే తెలియకుండా పరుపు కొంచెం మెత్తబడితే, దాని నడక అంతే కొంచెం మారింది. ఆమె ఇప్పుడు ఎదురుగా ఉంటే, గట్టిదనం కూడా బీమారీని నడిపిస్తుందని చెప్పేదాన్ని.

సంఘం ముందు

సంఘం కూర్చున్న రోజు సార్ నన్నూ లోపలికి పిలిచాడు. పెద్ద ప్రొఫెసర్ నా చీర, నా చేతిలో డబ్బా చూశాడు.

"నువ్వెవరమ్మా?"

"జెల్‌లు జేసేదాన్ని సార్. తప్పు జేసింది నేనే."

"నిన్నటి మందు వాడొద్దని రాసి లేదా అక్కడ?"

"రాసున్నది సార్."

"చదవడం రాదా?"

"వస్తది సార్. సదివిన. నాకే ఎక్కువ తెల్సనుకున్న."

ఆయన డబ్బా దగ్గరికి లాక్కుని సీసాలు ఒక్కొక్కటే తీసి చూశాడు. తర్వాత రేణుక వైపు తిరిగి, "నోట్‌బుక్‌లో తారీఖు కంటే ముందు వారం పేరు రాశావు. ఎందుకు?" అని అడిగాడు.

"మా ఊర్ల వారంవారం జరిగే అంగడి దినాలతోనే లెక్క సార్. తారీఖు యాదుండది. వారం యాదుంటది."

"ఆ అలవాటు మానకు" అన్నాడు ఆయన. "నేను నీ గురించి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను."

అంతా సుఖంగా ముగియలేదు. ఆ మూడు నెలల పని నేరుగా పనికిరాలేదు. కావాలనే ఐదు మెట్లలో జెల్‌లు చేసి, ప్రతిదాన్నీ కొలిచి, మళ్లీ మొదటి నుంచి చేయమన్నారు. గడువు పొడిగించారు. రేణుక ఆరు నెలలు వెనకబడింది. అది నా వల్లే. ఆమె ఎప్పుడూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకు

మీ వేళ్లను నమ్మండి, కానీ యంత్రాన్ని అడిగాకే నమ్మండి. వేలు అనుమానం చెప్పడానికి, యంత్రం తీర్పు చెప్పడానికి. నా వేళ్లు ఆ మూడు నెలలూ జెల్ మెత్తగా ఉందని చెప్పే ఉంటాయి. నేను వినలేదు. నా చేత్తో చేసింది తప్పు కాదనే ధీమాతో నొక్కి చూడటమే మానేశాను.

ఇంటి నుంచి తెచ్చిన అలవాట్లను సిగ్గుపడి వదిలేయకండి. అట్లాగని గుడ్డిగా వాడకండి. గంజికి మంచిదైంది మందుకు మంచిది కాకపోవచ్చు. ఏది దేనికి పనికొస్తుందో అడగండి. అడిగితే చిన్నబోతామని నేను అనుకున్నాను, అడగకపోవడం వల్లే చిన్నబోయాను.

చదువుకున్నవాళ్లు మన పనిని చిన్నగా చూస్తే బాధపడకండి, కానీ మీరు మాత్రం చిన్నగా చూడకండి. జెల్ తప్పైతే దాని మీద కట్టిన సిద్ధాంతమంతా తప్పే. మెట్ల జెల్‌ల మీద రేణుక చేసిన పని అచ్చయింది. జెల్ తయారీ అన్న చోట నా పేరూ ఉంది. బడి గడప తొక్కని దాన్ని. ఆ కాగితం బాపు ఫొటో పక్కన పెట్టాను. ఎక్కాలంత గట్టిగా చదివి వినిపించాను కూడా.

మళ్లీ మొదలుపెట్టిన పనిలో మొదటి బేస్తారం నాకు బాగా గుర్తుంది. పొద్దున్నే బుధవారం మిగిలిన మందును వ్యర్థాల సీసాలో పోశాను. పోసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇన్నేళ్ల చెయ్యి కదా, ఆగుతుంది. పోసేసి కొత్తది కలిపాను. జెల్ చేసి, కొలిచి, ముక్క కోసి సీసాలో వేసి, రేణుకకు ఇచ్చాను.

కణాలు కుదురుకున్నాక ఆమె సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను.

"ఏమైందే?"

ఆమె లేచి, నన్ను భుజాలు పట్టుకుని ఆ స్టూల్ మీద కూర్చోబెట్టింది. కన్ను పెట్టి చూశాను. గట్టి జెల్ మీద కణాలన్నీ కాళ్లు చాపి, తెల్లవారి వీధిలో సాగదీసిన పడుగులా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బిగుసుకుని ఉన్నాయి.

"బేస్తారం గూడ రాజన్న దినమేనా అక్కా?" అంది రేణుక నా చెవి దగ్గర.

"అన్ని దినాలు ఆయనయే బిడ్డా" అన్నాను. "మందు మాత్రం ఏ రోజుదారోజే."